కోకో డైరీ

డిసెంబర్ 15, 2024, మారేడుపల్లి
సికింద్రాబాద్‌లో చాక్లెట్ అచ్చుల్లో పొయ్యడానికి ఇవే మంచి రోజులు. పొద్దున్నే వంటింటి గట్టు చల్లగా ఉంటుంది. డార్క్ చాక్లెట్‌ని ఆవిరి మీద 45 డిగ్రీల దాకా కరిగించి, కలుపుతూ 27కి దించి, మళ్ళీ 31కి తేవాలి. కోకో బటర్ ఆరు రకాలుగా పేరుకుంటుంది. మెరుపూ, విరిస్తే టక్కుమనే చప్పుడూ ఇచ్చేది అయిదో రకం. టెంపరింగ్ అనే ఈ శ్రమంతా దాని కోసమే.

డిసెంబర్ 23
లాలాగూడలో ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో క్రిస్మస్ వంటలు మొదలయ్యాయి. అక్కడి ఆంటీ ఒకరు రమ్ బాల్స్ చెప్పారు: కేక్ పొడి, కోకో, తరిగిన బాదం, ఉండకట్టేంత రమ్. పిల్లలకైతే నారింజ రసం. పొయ్యి వెలిగించే పనే లేదు.

జనవరి 16, 2025, ఏలూరు జిల్లా
సంక్రాంతికి పిన్ని వాళ్ళ ఊరు. కొబ్బరి నీడన కోకో తోట. కాయలు చెట్టు మొదలుకే అంటుకుని కాశాయి. దేశంలో కోకో అన్నిటికన్నా ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. బాబాయ్ కాయ పగలగొట్టి ఇచ్చారు. గింజల చుట్టూ తెల్లటి పులుపు-తీపి గుజ్జు. పచ్చి గింజ కొరికితే చేదూ వగరూ తప్ప చాక్లెట్ జాడే లేదు. గుజ్జుతో పాటు అయిదారు రోజులు పులిసి, ఎండి, వేగాకే ఆ రుచి వస్తుంది.
“పులవడం కుదరకపోతే ఎంత ఎండబెట్టినా దండగేనమ్మా” అన్నారు బాబాయ్.

మార్చి 9
బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన ‘మనం చాక్లెట్’ వాళ్ళు ఏలూరు వైపు పండే ఈ గోదావరి గింజలతోనే చేస్తారు. 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో వాళ్ళకి చోటిచ్చింది. ఎంత సంతోషమో!
జనరల్ బజార్‌లో మాత్రం ఎక్కువగా అమ్మేది కాంపౌండ్. చవక, టెంపరింగ్ అక్కర్లేదు. కానీ కోకో బటర్ బదులు వేరే నూనెల కొవ్వు ఉంటుంది, అంగిలికి పట్టుకుని వదలదు. అసలు చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఒంటి వేడి కన్నా తక్కువలో. అందుకే నోట్లో వేసుకోగానే జారిపోతుంది. పొట్లం వెనక చదివి కొనాలి.

ఏప్రిల్ 27
మధ్యాహ్నాలు 40 డిగ్రీలు. అచ్చులు అటకెక్కాయి. ఇప్పుడు కోవా బిళ్ళల కాలం. పావుకిలో కోవాలో చక్కెర వేసి, సన్నసెగ మీద దగ్గరపడ్డాక రెండు చెంచాల కోకో పొడి. పొడిలోంచి కొవ్వు చాలావరకు తీసేసి ఉంటుంది కనుక ఎండ దాన్నేమీ చెయ్యదు.

ఆగస్టు 3
ముసురు. కరిగిన చాక్లెట్‌లో నీటిచుక్క పడితే చాలు, అందులోని చక్కెర తడి పీల్చుకుని ముద్దకట్టేస్తుంది. పారెయ్యక్కర్లేదు. వేడి క్రీమ్ కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే మళ్ళీ నునుపెక్కుతుంది. కేకు మీదకి గనాష్ సిద్ధం.

అక్టోబర్ 18
దీపావళి సెలవులు. బాబాయ్ పంపిన గింజలు అపార్ట్‌మెంట్ పిల్లలతో వేయించి, పొట్టు ఒలిపించి, రోట్లో దంచించాను. విదేశాల నుంచి వచ్చాయా అని అడిగారు. ఏలూరు దగ్గరివంటే నమ్మలేదు. చాక్లెట్ తినే ప్రతి పిల్లవాడి చేతికీ ఒక్కసారైనా ఈ గింజ అందాలి. ఇది మన రైతు పంటని తెలిసి కొనేవాళ్ళు పెరిగితేనే, పులియబెట్టడంలో ఆయన పడే జాగ్రత్తకి తగిన ధర వస్తుంది.