మెరీనా తీరాన బోస్టన్ మంచు

ఆఫీసు పని మీదనో, ఆసుపత్రి పని మీదనో చెన్నై వెళ్ళే మనవాళ్ళు సాయంత్రం వేళ ఒకసారి మెరీనా తీరానికి వెళ్ళకుండా తిరిగిరారు. అక్కడ ప్రెసిడెన్సీ కళాశాల దాటి దక్షిణంగా కొంత దూరం నడిస్తే, సముద్రానికి అభిముఖంగా గుండ్రని ముఖభాగంతో ఒక పాతకాలపు భవనం కనిపిస్తుంది. దాని పేరు వివేకానందర్ ఇల్లం. పాశ్చాత్య దేశాల నుండి తిరిగివచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో కొద్దిరోజులు ఇక్కడ బస చేశారు. కాని ఆ పేటవారికి ఈనాటికీ అది ‘ఐస్ హౌస్’. ఆ పేరు వెనుక ఉన్నది బోస్టన్ నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్.

ట్యూడర్ (1783–1864) పదమూడవ ఏటనే చదువుకు స్వస్తి చెప్పాడు. హార్వర్డ్‌లో చదువుకునే అవకాశాన్ని కాదన్న ఆ మనిషి వ్యాపార పత్రాలు నేడు హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన బేకర్ గ్రంథాలయంలోనే భద్రంగా ఉండటం విధి చమత్కారం. జమాఖర్చు పుస్తకాలు, ఉత్తరాలు, వాటితోపాటు 1805లో ఆయన మొదలుపెట్టిన ‘ఐస్ హౌస్ డైరీ’ అందులో ఉన్నాయి. లాభనష్టాల పక్కనే తన ఆశ, కోపం, అవమానం కూడా రాసుకున్నాడు. అందుచేత దానిని దినచర్య అనాలో, చిట్టా అనాలో తేల్చడం కష్టం.

చలికాలంలో చెరువులపై గడ్డకట్టే నీటిని కోసి, ఉష్ణదేశాలలో అమ్మాలన్నది ఆయన ఆలోచన. 1806 ఫిబ్రవరిలో 130 టన్నుల మంచుతో ఓడ మార్టినిక్ ద్వీపానికి బయలుదేరినప్పుడు బోస్టన్ పత్రిక పరిహసించింది. మంచు చేరింది కాని, దానిని దాచుకునే చోటు గాని, వాడుకునే పద్ధతి గాని అక్కడివారికి తెలియదు. ట్యూడర్ తానే ఐస్ క్రీము చేయించి చూపించవలసి వచ్చింది. నష్టం మిగిలింది. అప్పులవాళ్ళు వెంటపడ్డారు. 1812లోను, మరుసటి ఏడాది కూడా జైలుకు వెళ్ళాడు. అయినా ఊరుకోలేదు.

నిజానికి ఆయన గెలుపులో సాహసం పాలు ఎంతో, పొదుపు పాలూ అంతే. మంచుకు చెరువులో ధర లేదు. దానిని చుట్టిపెట్టే రంపపు పొట్టు కలపమిల్లులకు పారవేయవలసిన చెత్త. భారతదేశానికి వచ్చే అమెరికా ఓడలలో సరుకు తక్కువ, తూకానికి వేసే బరువు ఎక్కువ. విలువలేని ఈ మూడింటిని కలిపి ఆయన సరుకు తయారుచేశాడు. నథానియల్ వైత్ అనే సహచరుడు గుర్రాలతో లాగే కోత పరికరాన్ని కనిపెట్టడంతో మంచు సమానమైన దిమ్మలుగా రాసాగింది. దిమ్మలు సందు లేకుండా పేరిస్తే గాలి తగిలే భాగం తగ్గుతుంది, కరగడం మందగిస్తుంది. అంతే రహస్యం.

1833 మే నెలలో ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల మంచుతో కలకత్తాకు బయలుదేరింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలల తరువాత సెప్టెంబరులో చేరేసరికి దాదాపు వంద టన్నులు మిగిలింది. సుంకం మాఫీ చేశారు. ఎండ తగలకుండా రాత్రివేళ దింపుకోనిచ్చారు. గవర్నర్ జనరల్ బెంటింక్ ఆ ఓడతో వచ్చిన ట్యూడర్ భాగస్వామి రోజర్స్‌కు వెండి పాత్ర బహూకరించాడు. అదే కాలంలో కాఫీ జూదంలో ట్యూడర్ రెండు లక్షల డాలర్లకు పైగా అప్పుపడ్డాడు. తరువాతి సంవత్సరాలలో ఆ ఋణం తీర్చింది ముఖ్యంగా మన దేశపు దాహమే. దాహం అన్నాను కాని, మంచునీరు తాగినది ఎక్కువగా దొరలు, సంపన్నులు మాత్రమే.

మద్రాసులో ఈ గిడ్డంగి 1842 ప్రాంతంలో వెలిసింది. అప్పటికి అక్కడ ఓడరేవు కట్టలేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలే అలల మీదుగా సరుకును ఒడ్డుకు చేర్చేవి. న్యూ ఇంగ్లండు చెరువు నీరు అలా, పల్లెకారుల భుజబలం మీద ఆధారపడి, ఈ తీరాన దిగింది. ఆ పడవవాళ్ళ కూలీ ఎంతో తెలిస్తే మరింత సంతోషించేవాడిని. 1846–47 చలికాలంలో వాల్డెన్ చెరువులో మంచు కోయడం చూసిన హెన్రీ డేవిడ్ థోరో, మద్రాసు, కలకత్తా జనం తన బావినీరు తాగుతున్నారని తన గ్రంథంలో మురిసిపోయాడు.

యంత్రాలతో ఐస్ తయారుకావడం మొదలయ్యాక ఈ వ్యాపారం కరిగిపోయింది. కలకత్తా గిడ్డంగి 1882లో కూలగొట్టారు, బొంబాయిది కూడా నిలవలేదు. మద్రాసు భవనాన్ని న్యాయవాది బిలిగిరి అయ్యంగారు కొని, నివాసానికి వీలుగా మార్పించి, ‘కాజిల్ కెర్నన్’ అని పేరు పెట్టుకున్నారు. తరువాత కొంతకాలం సోదరి సుబ్బలక్ష్మి నడిపిన బాలవితంతువుల వసతిగృహం ఇక్కడే ఉండేది. 1963లో స్వామి శతజయంతి సందర్భంగా నేటి పేరు వచ్చింది. 1997 నుండి రామకృష్ణ మఠంవారు ప్రదర్శనశాల నిర్వహిస్తున్నారు.

లోపల స్వామివారి జీవిత చిత్రాలు చూసి బయటకు వచ్చాక, ఎదుట రోడ్డు మీద బండివాడి దగ్గర ఐస్ వేసిన నిమ్మసోడా తాగవచ్చు.