పళ్లు ముందే చెప్తాయి

మా నాయన సంతలో ఎద్దును బేరం చేసేముందు దాని నోరు తెరిచి పండ్లు చూసేవాడు. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, ఆరు పండ్లదా అని చూసి వయసు చెప్పేసేవాడు. అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టినా వినేవాడు కాదు, పండ్లు ఏం చెప్తే అదే నమ్మేవాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం పళ్లను అందానికే చూస్తాం. పెళ్లిచూపుల్లో పిల్లను నవ్వించి చూస్తారే, అంతవరకే. ఒంట్లో సంగతి పళ్లు చెప్తాయని ఎవరికీ తోచదు.

నేను బిఎలో చదువుకున్నది తెలుగు. కావ్యాల్లో పలువరుస అంటే మల్లెమొగ్గలు, దానిమ్మ గింజలు, ముత్యాలు. గోధుమరంగు చారలున్న పళ్లకు ఒక్క పోలిక కూడా నా చదువులో తగల్లేదు. ఈ రోజు ఆ చారల పళ్ల గురించే చెప్పాలనుకుంటున్నాను.

మా తోడికోడలిది కనిగిరి వైపు ఒక పల్లె. మా మరిది చీమకుర్తిలో గ్రానైటు క్వారీలో లెక్కలు రాసే పనిలో ఉన్నప్పుడు కుదిరిన సంబంధం. మా ఐరాలకు దగ్గరే కదా అని కాణిపాకంలో, స్వామి సన్నిధిలో పెళ్లి చేశారు. పిల్ల చక్కగా ఉంది, మాట మెత్తన, పని చురుకు. కానీ నవ్వితే పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అక్కడక్కడా సుద్దముక్క రాసినట్టు తెల్లటి మచ్చలు. పంక్తిలో కూర్చున్న ఆడవాళ్లు, "పిల్ల బంగారమే గానీ పండ్లు తోముకునే అలవాటు లేదేమో" అని గుసగుసలాడుకున్నారు. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది. అప్పట్నుంచి నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. పొద్దున, రాత్రి రెండు పూటలా పళ్లు తోముకునేది మా ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ సంగతి ఎంతమందికని చెప్తాం?

ఒకరోజు ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు తనే చెప్పింది. "అక్కా, ఉప్పు, బొగ్గు, నిమ్మచెక్క, ఇటుకపొడి అన్నీ అయినాయి. చిగుర్లు పగిలినాయే గానీ చార పోలేదు. మా ఊళ్లో అందరికీ ఇంతే. పండ్లంటే ఇట్లానే ఉంటాయనుకున్నాం. మీ ఊరికి వచ్చినాకే ఇంతమందికి తెల్లపండ్లు ఉండేది చూసినా."

ఎంత రుద్దినా ఆ చార పోదు. అది గోడ మీద పడిన మరక కాదు, ఇటుక కాల్చకముందే మట్టిలో కలిసిన రంగు. మనకు శాశ్వతంగా ఉండే పళ్లు చిగురు లోపల, దవడ ఎముకలో, పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు తయారవుతాయి. ఆ వయసులో బిడ్డ తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పటికే మచ్చతో వస్తుంది. పెద్దయ్యాక అదే ఊరికి వెళ్లి ఎన్నేళ్లు తాగినా పళ్లకు కొత్తగా చారలు రావు. అంటే ఆ చార ఆమె అలవాట్ల గురించి ఏమీ చెప్పదు, ఆమె చిన్నప్పుడు తాగిన నీళ్ల గురించి చెప్తుంది. ఆమె పిల్లలిద్దరూ ఐరాలలో పుట్టి, ఇక్కడి నీళ్లు తాగి పెరిగారు. ఇద్దరికీ పళ్లు తెల్లగా ఉన్నాయి. వంశంలో వచ్చేదే అయితే తల్లి పోలిక ఒక్కరికైనా రావాలి కదా.

ఈ సంగతి కనిపెట్టడానికి పళ్ల డాక్టర్లకు ముప్పై ఏళ్లు పట్టింది. అమెరికాలో ఫ్రెడరిక్ మెక్‌కే అనే డాక్టరు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. చూస్తే అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. కారణం ఎవరికీ తెలీదు. తినేది అనుకున్నారు, పాలు అనుకున్నారు. మెక్‌కే ఊరూరా తిరిగి, నీళ్లలోనే ఏదో ఉందని పట్టుకున్నాడు. ఆ ఏదో ఏమిటన్నది 1931లో చర్చిల్ అనే కెమిస్టు నీళ్లు పరీక్షించి తేల్చాడు, ఫ్లోరైడ్ అని.

ఆ తర్వాత ఆరేళ్లకే మన దగ్గర బయటపడింది. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును చూసి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. వాళ్లు చూసింది పళ్ల మచ్చలు మాత్రమే కాదు. అవే ఊళ్లలో వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, నడుము వంచలేక ఉన్న మనుషులను కూడా చూశారు. పళ్లలో చేరినదే ఎముకల్లోనూ చేరింది. తేడా ఏమిటంటే పళ్లు ఏడెనిమిదేళ్లకే చెప్పేస్తాయి, ఎముకలు చెప్పడానికి ఇరవై ముప్పై ఏళ్లు తీసుకుంటాయి.

నల్లగొండ సంగతి మీ అందరికీ తెలిసిందే. అక్కడ పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేటట్టు కాళ్లు వంకరపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లో రాశారు. రాసిన ఇద్దరిలో ఒకరు కమలా కృష్ణస్వామి. ఆమె తర్వాత ఆ సంస్థకే డైరెక్టరు అయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూరులోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి పేరు నల్లగొండ పద్ధతి అనే పెట్టారు. ఒక ఊరి కష్టం పేరుగా మారి ప్రపంచమంతా తిరిగింది.

ఇదంతా నేను ఎందుకు వెతికి చదివానంటే, మా తోడికోడలు వాళ్ల అన్న వల్ల. ఆయన ఊరు వదల్లేదు, సేద్యం చేసుకుంటూ అక్కడే ఉన్నాడు. నలభై దాటేసరికి మెడ తిరగడం మానేసింది. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కింద కూర్చుంటే లేవలేడు. ఐదేళ్లపాటు ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో మాట చెప్పారు. వాతం అన్నారు, కీళ్ల అరుగుదల అన్నారు, నొప్పి బిళ్లలు మింగీ మింగీ కడుపు పాడైంది. చివరికి వేలూరు తీసుకుపోయాం. అక్కడ ఒక డాక్టరు కాగితాలు పక్కన పెట్టి, "ఒకసారి నోరు తెరవండి" అన్నాడు. పళ్లు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మీది ఏ ఊరు?" అని. రెండోది, "చిన్నప్పటి నుంచి తాగింది ఏ నీళ్లు?" ఆ తర్వాతే ఎక్స్‌రేలు, మూత్రం పరీక్షలు అన్నీ చేసి ఫ్లోరోసిస్ అని తేల్చారు.

బిగుసుకున్న వెన్నుపూసను వెనక్కి తెచ్చే మందు లేదని కూడా చెప్పారు. నీళ్లు మార్చడం, పాలు, రాగి, ఆకుకూరలతో సున్నం అందేలా తినడం, ఇంకా ముదరకుండా చూసుకోవడం, అంతే. తిరిగి వస్తూ బస్సులో మా తోడికోడలు ఒకే మాట అంది. "అక్కా, నా పెండ్లిలో అంతమంది నా పండ్లు చూసినారే. ఒక్కరన్నా ఆ డాక్టరు మాదిరి అడిగి ఉంటే మా అన్నకు అప్పుడే చెప్పుకోని ఉందుము."

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకుంటే ఫ్లోరైడ్ అంటే విషమని పేస్టు కూడా పారేస్తారు. అదే మెక్‌కే, మచ్చలున్న పళ్లు పుచ్చడం తక్కువని కూడా గమనించాడు. కొద్దిగా ఉంటే పంటిని కాపాడుతుంది, ఎక్కువైతే పాడుచేస్తుంది. తాగే నీళ్లకు మన దేశంలో పెట్టుకున్న హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. పేస్టు పెద్దవాళ్లకు మంచిదే. చిన్నపిల్లలకు మాత్రం బఠాణీ గింజంత, మూడేళ్ల లోపు వాళ్లకైతే బియ్యపు గింజంత పెట్టి, మింగకుండా ఉమ్మించాలి.

చిగుళ్లది కూడా ఇదే కథ. మా అత్తకు షుగర్. మాత్రలు పెంచినా, అన్నం తగ్గించినా, మూడు నెలల సగటు పరీక్షలో అంకె దిగేది కాదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తే, "వయసైపోయింది, పండ్లు ఊడేదే కదా" అనేది. షుగర్‌కూ చిగుళ్లకూ రెండువైపులా సంబంధం ఉంది. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లలో చీము, వాపు ఉంటే షుగర్ అదుపులోకి రాదు. చిగుళ్ల జబ్బును షుగర్ తెచ్చే ఆరో ఇబ్బందిగా 1993లోనే హెరాల్డ్ లో అనే పళ్ల శాస్త్రవేత్త లెక్కకట్టాడు. చిగుళ్లకు వైద్యం చేస్తే ఆ మూడు నెలల అంకె సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని చాలా పరిశోధనలను కలిపి చూసి 2022లో తేల్చారు. చిన్న అంకెలా ఉంటుంది గానీ, షుగర్ ఉన్న ఇంట్లో వాళ్లకు దాని విలువ తెలుసు. గుండెజబ్బు ఉన్నవాళ్లలో కూడా చిగుళ్ల జబ్బు ఎక్కువ కనిపిస్తుంది. కానీ చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు రాదని ఎవరూ నిరూపించలేదు. అట్లా చెప్పి భయపెట్టేవాళ్లను నమ్మొద్దు. మా అత్తకు చిత్తూరులో చిగుళ్లు శుభ్రం చేయించాం, మాత్రలు మానలేదు. ఇప్పుడు అంకె కాస్త దిగింది, జొన్నరొట్టె నమిలి తింటోంది. అందులో చిగుళ్ల వాటా ఎంతో, మాత్రల వాటా ఎంతో నేను చెప్పలేను.

ఇంట్లో నీళ్లు పట్టేది, పిల్లల నోరు కడిగేది మనమే కాబట్టి రెండు మాటలు. బోరు నీళ్లు తాగేవాళ్లు ఒకసారి గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో పరీక్ష చేయించండి. మేము చేయించాం, హద్దులోపలే ఉన్నాయి. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఒక పిల్ల పళ్ల మీద చారలు కనిపిస్తే తోముకోలేదని తిట్టకండి. ఏ నీళ్లు తాగి పెరిగిందో అడగండి.

మా తోడికోడలు వాళ్ల అన్న కూతురుకు ఇప్పుడు ఐదో నెల. ఆ పిల్ల అత్తగారిల్లు కూడా అదే ఊరు, కుళాయి నీళ్లు రోజూ రావు. అందుకని వచ్చిన రోజు పట్టిపెట్టుకోవడానికి మా తోడికోడలు ఇక్కడి నుంచి రెండు పెద్ద డ్రమ్ములు కొని లారీలో పంపించింది. తాగేదానికీ వంటకూ ఆ నీళ్లే, బోరు నీళ్లు బట్టలకూ గిన్నెలకూ అని రోజూ ఫోనులో చెప్తోంది. పుట్టే బిడ్డకు పాలపళ్లు ఊడి, ఏడో ఏట ముందుపళ్లు వస్తాయి. అవి ఏ రంగులో వస్తాయో అని ఇప్పట్నుంచే లెక్కపెట్టుకుంటోంది.