ఎవరికండీ లెక్కలు రానిది?

మనలో ఒక చిత్రముంది. ‘నాకు చదవడం రాదండీ’ అని చెప్పుకోవాలంటే ఎవరికైనా నామోషీయే. అదే ‘నాకు లెక్కలు రావండీ బాబూ’ అనడానికి మాత్రం ఎవరికీ సిగ్గుండదు. పైపెచ్చు అదేదో సుకుమారానికి గుర్తన్నట్టు నవ్వుతూ చెప్పుకుంటాం. పాలవాడి నాగాలు నోటితోనే తీసేసి, చీటీ ఏ నెలలో పాడితే లాభమో వేళ్ళమీద తేల్చేసి, మూడువందలమంది భోజనాలకు కందిపప్పు ఎన్ని కిలోలో ఠక్కున చెప్పేసే ఇల్లాళ్ళు కూడా ‘ఆ ఎక్స్‌లూ వైలూ మనకెక్కడొస్తాయి’ అనేస్తారు.

బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, నాకీ లెక్కల గొడవెందుకంటారా? కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలు ఫోనులో అన్న ఒక్క మాట నన్నిందులోకి దింపింది. వాళ్ళబ్బాయి ఆరో క్లాసు. కొత్త స్కూల్లో చేరిన వారానికే లెక్కల టీచరు వాణ్ణి పై గ్రూపులో వేసిందట.

“పరీక్ష పెట్టిందా?” అన్నాను.

“లేదక్కా! ఇండియన్ పిల్లాడు కదా, లెక్కలు బాగా వచ్చే ఉంటాయనుకుంది,” అని మురిసిపోయింది.

వాడితోబాటు అదే వారం చేరిన నల్లజాతి పిల్ల ఒకర్తి ఉందట. ఆ పిల్లని కింది గ్రూపులో వేశారు. ఆ పిల్లకీ పరీక్ష పెట్టలేదు.

మావాడు ఏడెనిమిదుల దగ్గర ఇప్పటికీ తడబడతాడు. ఆ సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు. మొహం చూసి మార్కులు వేసే ఆచారం పెళ్ళిచూపుల్లోనే ఉందనుకున్నాను, బడిలో కూడా ఉందన్నమాట! మనవాణ్ణి మెచ్చుకున్నారని సంతోషించడానికి నాకు మనసొప్పలేదు. ‘వీడికి లెక్కలు వస్తాయి’ అన్నదీ, ‘దానికి రావు’ అన్నదీ ఒకే తానులో ముక్కలు. రంగు చూసే రెండూ కత్తిరించారు.

ఈ సంగతి మనసులో మెదులుతుండగా రాబర్ట్ మోజెస్ అనే ఆయన గురించి చదివాను. అందరూ బాబ్ మోజెస్ అంటారు. 1935లో న్యూయార్కులోని హార్లెంలో పుట్టిన నల్లజాతి మనిషి, వృత్తికి లెక్కల మాస్టారు. 1960ల మొదట్లో ఆ ఉద్యోగం వదిలి మిసిసిపి రాష్ట్రం వెళ్ళి, నల్లజాతివాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాకెక్కించే పనిలో దిగాడు. దెబ్బలు తిన్నాడు, జైలుకీ వెళ్ళాడు.

అక్కడ ఓటరుగా పేరు రాయించుకోవాలంటే ఒక పరీక్ష ఉండేది. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షను ఇచ్చి దానికి అర్థం రాయమనేవారు. రాసింది సరిగా ఉందో లేదో తేల్చేది ఆఫీసులో కూర్చున్న తెల్లదొర. పాలికి సేద్యం చేసుకునే బీద నల్లవాళ్ళు ఏం రాసినా తప్పే. ఆ పైన పెద్దమనుషుల వ్యాఖ్యానం ఒకటి: ‘వాళ్ళకి ఓటుమీద ఆసక్తే లేదండీ’ అని. తలుపుకు తాళం వేసి, లోపలికి రావాలని వాళ్ళకే లేదనడం ఎంత సుఖం! ఆ బీదవాళ్ళే వందలాదిగా వచ్చి ఆఫీసుల ముందు నిలబడ్డాక ఆ మాట చెల్లలేదు. 1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది, ఆ పరీక్షలు ఆగాయి.

మోజెస్ ఆ తరవాత టాంజానియాలో కొన్నేళ్ళు లెక్కలు చెప్పి తిరిగొచ్చాడు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి ఊళ్ళో కాపురం. 1982లో పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో ఆల్జీబ్రా చెప్పడం లేదు. ఇంట్లో నేను చెప్తానమ్మా అంటే ఆ పిల్ల ససేమిరా వద్దంది. స్కూల్లో ఒకసారి, ఇంట్లో ఒకసారి, రెండుసార్లు లెక్కలు నా వల్ల కాదంది. ఏ దేశమైనా ఆడపిల్లలు తండ్రుల దగ్గర ఒక్కలాగే ఉంటారు కాబోలు! చివరికి టీచరే ఆయన్ని స్కూలుకొచ్చి చెప్పమని పిలిచింది.

అలా క్లాసులో కాలుపెట్టిన మనిషికి కనిపించిందేమిటి? లెక్కల్లో పై గ్రూపు నిండా తెల్ల మధ్యతరగతి పిల్లలు. నల్లపిల్లలు చాలావరకు కింద. అమెరికాలో ఎనిమిదిలో ఆల్జీబ్రా అయినవాళ్ళకి హైస్కూలు ముగిసేలోగా కాల్‌క్యులస్ అందుతుంది, ఇంజనీరింగు లాంటి చదువుల దారి సులువవుతుంది. ఆ దారి పదమూడేళ్ళకే కొందరికి మూసుకుపోతోంది. పైగా ‘ఈ పిల్లలకి ఆసక్తి లేదండీ’ అన్న పాత పాటే. మిసిసిపిలో విన్న మాట ఆయనకి ఇక్కడ మళ్ళీ వినబడింది. అప్పటి ఓటు ఎలాంటిదో ఇప్పటి ఆల్జీబ్రా అలాంటిదేనన్నాడు. ఆ ఏడే మెకార్థర్ ఫెలోషిప్పు వస్తే, ఆ డబ్బుతో ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ మొదలుపెట్టాడు.

ఆయన పాఠం చెప్పే తీరు రచయిత్రిగా నాకెంతో నచ్చింది. పిల్లల్ని ముందు మెట్రో రైలెక్కించేవాడు. తిరిగొచ్చాక ఆ ప్రయాణాన్ని బొమ్మ గీయాలి. తరవాత ఇంట్లో మాట్లాడుకునే భాషలో దాని గురించి చెప్పుకోవాలి. ఆ మాటల్నే క్రమంగా ఒక పద్ధతిలోకి తెచ్చి, చిట్టచివర గుర్తులు పెట్టాలి. ప్లస్సూ మైనస్సూ ఆకాశంలోంచి ఊడిపడవు, పిల్లల నోటిమాటల్లోంచే వస్తాయి. చిన్న తరగతుల లెక్కల్లో ‘ఎన్ని?’ అన్న ప్రశ్న ఒక్కటే. రైలెక్కాక ‘ఎటువైపు?’ అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆల్జీబ్రాకు అదే మొదటి మెట్టన్నాడాయన.

అయితే కొందరు పిల్లలు నిజంగానే వెనకబడుతున్నారు కదా అనొచ్చు. దీనికి యూరి ట్రైస్మన్ అనే ఆయన జవాబు వెదికాడు. 1970లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కాల్‌క్యులస్ తప్పుతున్న నల్లజాతి విద్యార్థుల విషయంలో ఎవరి ఊహ వాళ్ళు చెప్పారు. పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు. ఆయన ఇరవైమంది నల్లజాతి పిల్లల్నీ, ఇరవైమంది చైనా సంతతి పిల్లల్నీ వాళ్ళ గదులదాకా వెళ్ళి గమనించాడు. ఆ ఊహలేవీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు ఒళ్ళు వంచి చదువుతున్నారు, కాని ఒక్కరొక్కరే. చైనా పిల్లలు సాయంత్రం ఒకచోట చేరి, కలిసి తింటూ, నీ జవాబు తప్పంటే నీది తప్పని దెబ్బలాడుకుంటూ చదువుతున్నారు. మన ‘కంబైన్డ్ స్టడీ’యే! ట్రైస్మన్ వీళ్ళకీ అలాంటి బృందాలు పెట్టాడు. జాలిపడి సులువు లెక్కలివ్వలేదు, ఇంకా కష్టమైనవి ఇచ్చాడు. ఎప్పుడూ తప్పేవాళ్ళనుకున్న పిల్లలు చక్కగా గట్టెక్కారు.

ఇదంతా చెల్లెలికి చెబితే దానికి కోపం వచ్చింది. “నువ్వక్కడ కూర్చుని ఎన్నయినా చెప్తావక్కా. సమానత్వం పేరు చెప్పి ఇక్కడ అసలు ఆల్జీబ్రానే ఎత్తేశారు తెలుసా?” అంది.

దాని మాటలోనూ నిజముంది. 2014లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా తీసేసి, అందరూ తొమ్మిదిలోనే చదవాలన్నారు. చిన్నప్పుడే గ్రూపులుగా విడదీస్తే నల్లజాతి పిల్లలూ, లాటిన్ పిల్లలూ కిందే ఉండిపోతున్నారని వాళ్ళ బాధ. ఉద్దేశం మంచిదే. కాని డబ్బున్నవాళ్ళు ఫీజులు కట్టి పిల్లలకి బయట చెప్పించుకున్నారు. లేనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే. ఏళ్ళ తరబడి రగడయ్యాక, 2024లో స్కూలు బోర్డు ఎనిమిదిలో ఆల్జీబ్రా మళ్ళీ తేవాలని తీర్మానించింది.

“తలుపు అందరికీ మూసేస్తే కిటికీలోంచి దూకగలిగినవాళ్ళే లోపలికెళ్తారే. మోజెస్ మూయమనలేదు, అందరికీ తెరవమన్నాడు, తెరిచి పక్కన నిలబడమన్నాడు,” అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఆ పిల్లని మావాడితో కలిసి చదువుకోవడానికి ఓ ఆదివారం రమ్మననా?” అంది. రమ్మనమన్నాను. ఏడెనిమిదులు ఎవరు ఎవరికి నేర్పుతారో చూడాలి.

ఇదంతా పరాయిదేశం గొడవ అనిపిస్తే, మన ఇళ్ళలో ఉన్న అమ్మల్ని అడిగి చూడండి. మా అమ్మ హైస్కూలు చదివిన 1960ల చివర మన రాష్ట్రంలో లెక్కలు రెండు రకాలుగా ఉండేవి: జనరల్ మాథ్స్, కాంపోజిట్ మాథ్స్. కాలేజీలో లెక్కల గ్రూపు కావాలంటే కాంపోజిట్ ఉండాలి. మా అమ్మకి లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. అయినా హెడ్‌మాస్టరుగారు ‘ఆడపిల్లవి, జనరల్ చాలులేమ్మా’ అని చేత్తోనే రాసేశారట. అక్కడ రంగు, ఇక్కడ ఆడపుటక. అక్కడివాళ్ళు పడినంత హింస అమ్మ పడలేదు, నిజమే. కాని పరీక్ష పెట్టకుండా తేల్చేయడం మాత్రం అదే. అప్పటినుంచీ అమ్మ ‘నాకు లెక్కలు రావు’ అంటూనే మా నాన్న జీతంతో ముగ్గుర్ని చదివించింది.

మొన్న ఆవిడకి మోజెస్ రైలు పాఠం మన స్టేషన్లతో చెప్పాను. “ఖమ్మం సున్నా అనుకో. విజయవాడవైపు వెళ్తే ప్లస్సు, వరంగల్లువైపు వెళ్తే మైనస్సు. మైనస్ రెండు స్టేషన్ల దగ్గరున్న మనిషి ప్లస్ మూడుకి రావాలంటే ఎన్ని స్టేషన్లు దాటాలి?”

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే, “అయిదు. విజయవాడవైపు,” అంది. ఎన్నో, ఎటో రెండూ చెప్పేసింది.

“ఇదేనమ్మా ఆల్జీబ్రా మొదలు,” అన్నాను.

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “ఇదేనా? ఇంతోటిదానికేనా మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారూ?” అంది.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరేమైనా ఉందా?