చీము ఆగితే తగ్గినట్టేనా?

"చిన్నప్పట్నుంచీ ఉన్నదే లెండి డాక్టరుగారూ." చెవిలో చీము గురించి అడిగితే మా ఓపీలో తరచుగా వినిపించే జవాబు ఇది. తలస్నానం చేస్తే కారుతుంది, జలుబు చేస్తే కారుతుంది, దూది పెట్టుకుంటే సరిపోతుంది. కొందరు నూనె కాచి పోస్తారు, కొందరు అగ్గిపుల్లకు దూది చుట్టి తుడుస్తారు. నొప్పి లేదు కాబట్టి జబ్బూ లేదనుకుంటారు. పోటుతో అర్ధరాత్రి ఏడ్చే పసివాణ్ని తెల్లారేసరికి ఆసుపత్రికి తెచ్చే తల్లిదండ్రులే, ఏళ్ల తరబడి కారే తమ చెవిని పట్టించుకోరు.

కారే చెవులన్నీ ఒక రకం కావు. జలుబు చేసినప్పుడల్లా జిగురుగా, ధారాళంగా, పెద్దగా వాసన లేకుండా కారే చెవికి సాధారణంగా కర్ణభేరి నడుమ చిల్లు ఉంటుంది. దానివల్ల ప్రాణభయం తక్కువ. కొంచెమే కారుతూ కుళ్లు వాసన వేసే చెవి వేరు. అందులో కర్ణభేరి పైభాగం లోపలికి గుంటపడి, రాలిన చర్మపు పొట్టు బయటికి వచ్చే దారిలేక అక్కడే పేరుకుంటుంది. ఆ తెల్లటి ముద్దను కొలెస్టియటోమా అంటాం. కేన్సర్ కాదు గాని, పెరిగే కొద్దీ చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది.

ఆ ఎముక అవతల ఏముందో తెలిస్తే మా భయం అర్థమవుతుంది. మధ్యచెవి నాలుగువైపులా ఉమ్మడి గోడలున్న ఇల్లు. పైన పల్చటి ఎముక పొర, దాని మీద మెదడు. లోపలి గోడకు ఆవల ఒంటి సమతూకం చూసే లోపలి చెవి, ఆ గోడలోంచే ముఖాన్ని కదిలించే నరం. చెవి వెనక ఎముకను ఆనుకుని, తలలోని నెత్తురును మెడకు దించే పెద్ద సిర. ఏ గోడ కూలితే ఆ పక్క జబ్బు బయటపడుతుంది.

గవదబిళ్ళలని పసుపు పట్టు వేసి ఓ ఆరేళ్ల పిల్లాణ్ని తీసుకొచ్చారు. వెనక నిలబడి చూస్తే ఒక చెవి ముందుకీ కిందికీ ఒరిగి ఉంది. చెవి వెనక వేలు పెట్టనివ్వలేదు. చెవిపోటుకు రాసిచ్చిన సిరప్ జ్వరం తగ్గగానే మానేశారట. చెవి వెనక ఎముకలో చీము పట్టింది. చీము తీసి, సిరలోకి యాంటీబయాటిక్స్ ఇస్తే కోలుకున్నాడు. అలాంటి గడ్డకు చెవి వెనక పెట్టే గాటును వైద్యులు నేటికీ డబ్లిన్ చెవి వైద్యుడు విలియం వైల్డ్ పేరుతోనే పిలుస్తారు. ఆయన కొడుకు, రచయిత ఆస్కార్ వైల్డ్, 1900 నవంబరు 30న పారిస్‌లో మెదడు పొరల వాపుతో పోయాడు. అంతకు కొన్ని వారాల ముందే చెవికి ఆపరేషన్ జరిగింది. చెవి జబ్బే లోపలికి పాకిందని చాలామంది వైద్యుల అభిప్రాయం.

డిగ్రీ చదివే కుర్రాణ్ని వాళ్లన్నయ్య తీసుకొచ్చాడు. ఎడమ చెవి ఏళ్ల తరబడి కారి, ఈమధ్యే ఆగిందట. ఇంట్లో వాళ్లు సంతోషించారు. తర్వాత తలనొప్పి మొదలైంది, పొద్దున్నే వాంతులు. టైఫాయిడ్ అని మందులు వాడారు. కుర్రాడు మంచం మీద కూర్చుని అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెబుతున్నాడు. జేబులోంచి పెన్ను తీసి ఇదేమిటన్నాను. "అదే... రాస్తాం కదండీ" అన్నాడు. వాచీ చూపిస్తే "టైము చూసేది" అన్నాడు. తాళంచెవి చూపిస్తే వేళ్లతో తిప్పి చూపించాడు గాని పేరు రాలేదు. "పరధ్యానం సార్, రాత్రుళ్లు నిద్ర లేదు" అన్నాడు అన్న.

మనలో ఎక్కువమందికి మాట మెదడు ఎడమవైపే ఉంటుంది. వస్తువు తెలిసీ పేరు పలకలేకపోతే, ఎడమ చెవి పైనున్న మెదడు భాగాన్ని అనుమానించాలి. వెంటనే స్కాన్ చేయించాం. అనుకున్న చోటే చీముగడ్డ కనిపించింది. తలలో ఒత్తిడి పెరిగి ఉన్నప్పుడు వెన్నులోంచి నీరు తీయడం ప్రమాదం, అందుకే స్కానే ముందు. న్యూరోసర్జన్ చీము తోడారు, వారాల తరబడి యాంటీబయాటిక్స్ నడిచాయి, కుదుటపడ్డాక చెవి వెనక ఎముక తొలిచి జబ్బును శుభ్రం చేశాం. ఎన్ని మందులు వాడినా కొలెస్టియటోమా ముద్ద కరగదు. దాన్ని తీయకపోతే గడ్డ మళ్లీ రావచ్చు.

వేరేచోట్ల దారితప్పించే లక్షణాలూ ఇలాంటివే. చలితో వణికించి, చెమటపట్టి దిగి, మళ్లీ వచ్చే జ్వరానికి మలేరియా మందులిస్తారు. రక్తపరీక్షలో మలేరియా కనబడదు. జబ్బు చెవి వెనక సిరలో గడ్డకట్టిన నెత్తురులో ఉంటుంది. మూతి వంకరపోతే గాలి తగిలిందని పసరు కట్టిస్తారు, కళ్లు తిరిగితే నీరసమని టానిక్ రాస్తారు.

ఆపరేషన్ అనగానే "వినికిడి వస్తుందా?" అని అడుగుతారు. ఈ జబ్బులో మా వరస వేరు: ముందు ప్రాణం, తర్వాత కారకుండా పొడిగా ఉండే చెవి, ఆ తర్వాతే వినికిడి. ఆపరేషన్ అయ్యాకా ఏళ్ల తరబడి చూపించుకుంటూనే ఉండాలి. కొలెస్టియటోమా మళ్లీ పెరగవచ్చు.

పాత చెవిలో కొత్త లక్షణం ఏది కనిపించినా, చెవిది కాదని తేలేదాకా అది చెవిదే అనుకోవాలి. వణుకు జ్వరం, వంకరపోయిన మూతి, కళ్లు తిరగడం, తగ్గని తలనొప్పి, వీటిలో దేనితో రోగి వచ్చినా, చూసే డాక్టరు ఒకసారి చెవి కారేదా అని అడిగి, లైటు వేసి లోపలికి చూడాలి. కారేదన్న జవాబు వస్తే, ఇప్పుడు ఆగిందన్న మాట విని ఊరుకోకుండా ఆ రోజే ఈఎన్‌టీకి పంపాలి.