సైకిల్ స్టాండులో సరళీస్వరాలు

ప్లేస్‌మెంట్ ట్రైనింగులో ఇంటర్వ్యూకి ఎలా కూర్చోవాలో నేర్పుతున్నారు. ఉద్యోగం వచ్చాక పైవాళ్ళతో ఎలా నెట్టుకురావాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. నాకా పాఠం బీటెక్‌లో చేరకముందే దొరికింది. ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్ తేలేదాకా, అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగు నెలలు సంగీతం టీచరుగా చేశాను.

ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్న ధైర్యంతో వెళ్ళాను. అక్కడ నాకు ఇద్దరు బాసులు. "పాట రోడ్డు మీదికి వినపడాలమ్మా, తల్లిదండ్రులకి తెలియాలి కదా" అంటారు కరస్పాండెంట్ గారు. "గొంతులు తగ్గించమ్మా, పక్కన టెన్త్‌కి లెక్కలు జరుగుతున్నాయి" అంటారు ప్రిన్సిపాల్ గారు. ఇద్దరి మాటా వినాలంటే పిల్లలు నోరు తెరిచి మూసుకోవాలంతే. ఒక వారం చూసి, ఇద్దరూ ఒకేచోట ఉన్నప్పుడు అడిగాను: "సార్, నా క్లాసు సైకిల్ స్టాండులో పెట్టుకోనా అండి? గేటుకి దగ్గర, టెన్త్ గదికి దూరం." ఇద్దరూ సరేనన్నారు. వానొస్తే రేకుల మోతలో శ్రుతి బాక్సు వినపడేది కాదు. అయినా అది నా క్లాసు.

అసలు గొడవ పీరియడ్ల దగ్గర. స్లిప్ టెస్ట్ ఉందంటే చాలు, ముందు పోయేది సంగీతమే. అడిగితే ప్రిన్సిపాల్ గారు నవ్వి, "వీళ్ళేమన్నా బాలమురళీకృష్ణలు అవుతారా?" అన్నారు. బాలమురళి 1930లో పుట్టింది మన రాజోలు వైపు శంకరగుప్తంలోనే! ఆ మాట నోటిదాకా వచ్చింది. అనేస్తే మాటలో గెలిచేదాన్నే, పీరియడ్ మాత్రం తిరిగొచ్చేది కాదు. అందుకని ఒక నోట్‌బుక్కులో తేదీలు రాయడం మొదలుపెట్టాను. జులై ఆఖరికి 16 పీరియడ్లలో జరిగినవి 7.

ఆగస్టు మొదట్లో ఆర్డరు వచ్చింది. పది రోజుల్లో నలభై మంది పిల్లలతో కొత్త దేశభక్తి గీతం. నోట్‌బుక్కు పట్టుకుని వెళ్ళాను. ఆయన లెక్కల మాస్టారు. అందుకే లెక్కలోనే చెప్పాను. "సార్, ఆదితాళం ఒక ఆవర్తనానికి 8 దెబ్బలు. అందులో మొదటి కాలంలో 8 స్వరాలు, రెండో కాలంలో 16, మూడో కాలంలో 32. ఈ లెక్క చేతికి రాకపోతే నలభై గొంతులు నలభై చోట్ల తేలతాయండి. రోజూ పీరియడ్ ఇస్తే పాట మొత్తం పాడిస్తాను. ఇప్పుడున్నట్టే అయితే పల్లవి వరకే అవుతుంది. ఏది కావాలో మీరే చెప్పండి."

ఆయన బల్ల మీద దెబ్బ వేసుకుంటూ లెక్కపెట్టారు. మూడో కాలంలో తప్పారు. ఏమీ అనలేదు గానీ, ఆ పది రోజులూ పీరియడ్ ఎవరూ తీసుకోలేదు. పాట బాగానే వచ్చింది.

అలాగని ఆయన మారిపోయారనుకోకండి. 16వ తారీఖునే మళ్ళీ స్లిప్ టెస్ట్! ఒకరోజు పిల్లల ముందే నన్ను గట్టిగా కేకలేశారు. బెల్లయ్యాక గదికి వెళ్ళి, "ఏదైనా ఉంటే ఇక్కడికి పిలిచి చెప్పండి సార్. వాళ్ళ ముందు అంటే రేపు నా మాట వినరు" అన్నాను. చేతులు వణుకుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు. కానీ మళ్ళీ అలా చెయ్యలేదు.

రేపు మనకొచ్చే మేనేజరుకి మనం రాసే కోడ్ అర్థం కాకపోవచ్చు. ఆయనకి అర్థమయ్యే లెక్క ఏదో ముందు కనిపెట్టండి. కుదరదు అనడానికి బదులు, ఎంత టైముకి ఎంత పని అవుతుందో చెప్పండి. తేదీలు రాసి పెట్టుకోండి. ఇన్ని చేసినా కొన్ని దక్కవు. టెన్త్ వాళ్ళ సంగీతం పీరియడ్ నేనున్నన్నాళ్ళూ తిరిగి రాలేదు. వాళ్ళలో ఒకమ్మాయి మాత్రం అన్నం బాక్సు తెచ్చుకుని సైకిల్ స్టాండుకి వచ్చేసేది. నేను మానేసే రోజుకి జంటస్వరాల్లో ఉంది.