చనిపోయినవారి చేత పని చేయించే యంత్రం



పోయిన నెల యువజన కూడికలో ఒక తమ్ముడు ప్రశ్న అడిగాడు. ఏదో సైన్స్ ఫిక్షన్ కథ గురించి విన్నాడట. అందులో ఒక యంత్రం చనిపోయినవారిని తెచ్చి పనిలో పెడుతుంది. వారికి కూలి లేదు, ఆకలి లేదు, సెలవు లేదు. నా వల్ల కాదు అని చెప్పే నోరు కూడా లేదు. "అయ్యగారూ, గిసోంటిది నిజంగ వస్తదా?" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. అటువంటి యంత్రం మన ఊళ్లలో కరెంటు రాకముందే ఒకటి నడిచింది. ఇప్పుడు రెండోది మొదలైంది.

మొదటిది మీ తాతలకు బాగా తెలుసు. ఇవాళ మన పిల్లలు నెల మొదట్లో జీతం పడిందా లేదా అని ఫోన్ చూసుకుంటారు. ఆ రోజుల్లో "వాడు జీతం ఉన్నడు" అంటే అర్థం వేరు. బిడ్డ పెళ్లికో, రోగానికో, చావుకో దొర దగ్గర, పటేలు దగ్గర అప్పు తెచ్చేవారు. ఆ అప్పు కింద తండ్రి దున్నేవాడు, పిల్లగాడు గొడ్లు కాసేవాడు. లెక్క రాసేది అప్పిచ్చినవాడే కాబట్టి అది ఎప్పటికీ తెగేది కాదు. తండ్రి చనిపోతే మనిషిని బొంద పెట్టేవారు గాని అప్పును ఎవరూ బొంద పెట్టలేదు. అది దొర ఇంటి కాగితంలో బతికే ఉండి, కొడుకును తండ్రి నిలబడిన చోటే నిలబెట్టేది. మన సంఘంలోని ఒక పెద్దమ్మ చెబుతుంది, తన పెనిమిటి ఎన్నడూ చూడని తాత అప్పుకు పదేండ్లు గొడ్లు కాశాడని.

1976లో పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చేసింది. 1975 అక్టోబరు 25 నుండే అది అమలులోకి వచ్చినట్టు లెక్క. దేశంలో వెట్టికి ఎక్కడెక్కడ ఏ పేర్లున్నాయో ఆ చట్టంలో ఒక వరుస రాశారు. అందులో మన మాటలు కనబడతాయి: భగేలా, జీతం, పాలేరు, వెట్టి. వారసత్వంగా మీద పడిన బాధ్యత కింద చేసే చాకిరీ కూడా వెట్టే అని చట్టం విప్పి చెప్పి, ఆ అప్పులను రద్దు చేసింది. చనిపోయినవాని అప్పు బతికినవానిని పనిలో పెట్టకూడదని చెప్పడానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాదాపు ముప్పై ఏండ్లు పట్టింది. కాగితం మీద పోయినది ఊళ్లలో పోవడానికి మరికొంత కాలం పట్టింది, అది వేరే సంగతి.

బైబిలులో రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం తీయండి. ప్రవక్తల శిష్యులలో ఒకడు అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆయన ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆ విధవరాలు ఎలీషా దగ్గర మొరపెట్టింది. ఇంట్లో ఉన్న కొంచెం నూనె పాత్రలన్నీ నిండేంత అయింది. దాన్ని అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో బతకమన్నాడు. ఈ భాగం మీద కానుకల గురించిన ప్రసంగాలే మనం ఎక్కువగా వింటాము. మన తాతలు విని ఉంటే అందులో ముందుగా ఆ ఇద్దరు పిల్లల జీతం తెగడమే వారికి వినబడేది.

ఇక రెండో యంత్రం. ఇది తిరగబడిన యంత్రం. పాతదానిలో చనిపోయిన తండ్రి కోసం కొడుకు పని చేశాడు. దీనిలో బతికున్నవారి కోసం చనిపోయినవారు పని చేస్తారు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు. మన క్రైస్తవ గీతాలు కూడా ఎన్నో పాడిన గొంతు అది. 2023 నవంబరులో 'కీడా కోలా' అనే తెలుగు సినిమా వచ్చింది. అందులో తన తండ్రి గొంతును ఏఐతో తయారు చేసి, కుటుంబానికి తెలియజేయకుండా వాడుకున్నారని ఆయన కుమారుడు చరణ్ గారు 2024 మొదట్లో లీగల్ నోటీసు పంపారు. తండ్రి స్వరం సాంకేతికత వల్ల ఇంకా బతకడానికి తాను వ్యతిరేకం కాదనీ, అడగకుండా వ్యాపారానికి వాడుకోవడమే బాధ అనీ ఆయన అన్న మాటల సారం. సరిగ్గా అదే రోజుల్లో ఏఆర్ రెహమాన్ గారు 'లాల్ సలామ్' అనే తమిళ సినిమాలో ఒక పాటకు 1997లో చనిపోయిన షాహుల్ హమీద్ గారి గొంతునూ, 2022లో చనిపోయిన బంబా బాక్యా గారి గొంతునూ ఇలాగే తెప్పించారు. ఆయన కుటుంబాలను అడిగి, డబ్బు ఇచ్చి ఆ పని చేశానని చెప్పారు. అమెరికాలో సినిమా నటులు 2023లో 118 రోజులు సమ్మె చేస్తే, తమ రూపాన్నీ గొంతునూ కంప్యూటరులో నకలు చేసి వాడుకోవడం గురించిన పట్టుదల కూడా అందులో ఉంది.

బాలు గారు ఒకే రోజు ఇరవైకి పైగా కన్నడ పాటలు రికార్డు చేశారని చెప్పుకుంటారు. పనికి వెనుదీసిన మనిషి కాదు. అయినా బతికున్నప్పుడు గొంతు బాగా లేకపోతే రేపు పాడతానని అనగలిగేవారు. పాటలో మాట నచ్చకపోతే అడగగలిగేవారు. కుటుంబాన్ని అడగడం న్యాయమే, డబ్బు ఇవ్వడం ఇంకా న్యాయం. కాని ఆ "రేపు" అనే మాటను మాత్రం ఏ వారసుడూ ఆయన తరపున చెప్పలేడు.

ఈ సంగతి సినిమావాళ్లదే అయితే మేము ఇంత దూరం రాసేవాళ్లం కాదు. మన సంఘంలోని ఒక కుటుంబం ఇదే కోరికతో మా దగ్గరికి వచ్చింది. పేర్లు చెప్పము. చెప్పకపోయినా మీలో కొందరికి తెలుస్తుంది, దయచేసి ఇంటి మీదికి ఆ ముచ్చట తీసుకుపోకండి.

ప్రభువునందు నిద్రించిన ఆ సంఘ పెద్ద రోజూ తెల్లవారుజామున మన వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం చదివి, రెండు నిమిషాలు మాట్లాడి పంపేవారు. వందలకొద్దీ అటువంటి రికార్డింగులు ఉన్నాయి. పట్నంలో సాఫ్ట్‌వేర్ పని చేసే కుమారుడు వాటిని యంత్రానికి వినిపించాడు. ఆ గొంతు ఎత్తు, పల్లం, ఊపిరి ఆగే చోటు అన్నీ యంత్రం నేర్చుకుంటుంది. తర్వాత మనం ఏ మాటలు రాసి ఇచ్చినా ఆ గొంతుతోనే పలుకుతుంది. నమూనా ఒకటి మాకు వినిపించాడు. "ప్రైజ్ ది లార్డ్ బిడ్డా, మంచిగున్నరా" అని వినబడేసరికి మాకు ఒళ్లు జలదరించింది. వాళ్లమ్మ ఏడ్చి, మళ్లీ ఒకసారి పెట్టమంది. అబ్బాయి కోరిక ఏమిటంటే, రోజుకొక కొత్త వాక్యం, కొత్త వివరణ యంత్రం చేతనే రాయించి, అదే వేళకు, అదే గ్రూపులో, నాయన గొంతుతో పంపాలని. డబ్బు ఆశ లేదు. తల్లి మీద ప్రేమ, సంఘం మీద ప్రేమ. అందుకే కాదని చెప్పడం మాకు కష్టమైంది. వారం రోజులు ప్రార్థించి, సంఘ పెద్దలతో కూర్చున్నాము.

ఒక మాట ముందే ఒప్పుకోవాలి. యంత్రంలో ఉన్నది ఆయన కాదు. ప్రభువునందు మృతి పొందినవారు తమ ప్రయాసములు మాని విశ్రాంతి పొందుతారని ప్రకటన పద్నాలుగో అధ్యాయంలో ఆత్మ చెప్పిన సంగతిని ఏ కంపెనీ కొట్టివేయలేదు. సమాధిలో దాసుడు యజమానుని చేతిలోనుండి విడుదల పొందుతాడని యోబు తన బాధలో అన్నాడు. కాబట్టి నాయన కష్టపడుతున్నారని ఎవరూ భయపడవద్దు. మరి నష్టం ఎవరికి? ఆయన సాక్ష్యానికి. ఆయన అనని మాటను ఆయన అన్నట్టు వినిపించడం, ఎంత మంచి మాట అయినా, తొమ్మిదో ఆజ్ఞ దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

సౌలు ఏన్దోరుకు పోయిన రాత్రి గుర్తు చేసుకోండి. వచ్చినది నిజంగా సమూయేలేనా అని మేము సెమినరీలో గంటలకొద్దీ వాదించుకున్నాము, ఆ వాదన ఇప్పుడు వద్దు. వాక్యంలో సమూయేలు మొదట అడిగింది, నన్నెందుకు తొందరపెట్టావని. బతికున్నప్పుడు ఆ ప్రవక్త చెప్పినది సౌలు వినలేదు. ఇప్పుడైనా అతనికి సమూయేలు మీద బెంగ లేదు, తన యుద్ధానికి ఒక జవాబు కావాలి.

ఇవి చెబితే ఆ అబ్బాయి ఊరుకోలేదు. "పాత రికార్డింగులు గూడ ఫోన్లకెల్లే వస్తున్నయి గదా అయ్యగారూ, అవి వింటె తప్పు లేదా?" అన్నాడు. మంచి ప్రశ్న. హేబెలు మృతి పొందియు మాట్లాడుచున్నాడని హెబ్రీ పత్రికలో ఉంది. కాని హేబెలు మాట్లాడేది తాను బతికి అర్పించిన దానితోనే, కొత్త అర్పణ ఎవరూ అతని చేత చేయించలేదు. మన మెదక్ గుడి చూడండి. పోస్నెట్ దొరగారి కాలంలో, కరువు రోజుల్లో తిండి కోసం వచ్చిన కూలీలు రాళ్లు మోసి కట్టారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. వారు లేరు, వారి పని నిలబడి ఉంది. నాయన రికార్డింగులు ఆ రాళ్ల వంటివి, ఎన్నిసార్లయినా వినండి.

ఇంకొక సంగతి చెప్పాము. నాయనకు కష్టమైన వాక్యం వస్తే, "ఇది నాకు సమజ్ కాలె, అయ్యగారిని అడిగి చెప్త" అని రికార్డు పెట్టేవారు. యంత్రానికి ఆ మాట రాదు. ఆయన రెండు రోజులు మెసేజ్ పెట్టకపోతే జ్వరమని మనకు తెలిసేది, పోయి చూసేవాళ్లం. యంత్రానికి జ్వరం రాదు, దాని కోసం ఎవరూ పరామర్శకు పోరు.

అబ్బాయి పూర్తిగా సమ్మతించాడని చెప్పలేము. పాత రికార్డింగులలో రోజుకొకటి గ్రూపులో పెట్టడానికి ఒప్పుకున్నాడు, తేదీ చెప్పి మరీ. ఇంట్లో ఏం చేసుకుంటారన్నది వారి ఇష్టమన్నాము. అప్పటిదాకా మౌనంగా ఉన్న వాళ్లమ్మ అంది, "ఎవుసం పనే గాక సంఘం పని గూడ చేసిండు. గా ఒక్కటి నా ఫోన్ల ఉంచు బిడ్డా, నాకు యాదికొస్తె ఇంట. పొద్దుగాల్ల మాత్రం లేపకు ఆయన్ని, పండుకోనీ."

మధ్యలో ఒక హెచ్చరిక కూడా. ఇదే పద్ధతితో దొంగలు కొడుకు గొంతుతో, మనవని గొంతుతో ఫోన్ చేసి డబ్బు అడుగుతున్నారు. గొంతు విని నమ్మి పంపకండి. పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకు మీరే మళ్లీ చేయండి.

వచ్చే నెల రెండో ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలో డెబ్బై దాటినవారి సాక్ష్యాలు, వారికి వచ్చిన పాత పాటలు, జీతం రోజుల ముచ్చట్లు రికార్డు చేయబోతున్నాము. యువజనులు ఫోన్లు చార్జింగ్ పెట్టుకొని రండి. ప్రతి ఒక్కరినీ చివర ఒక ప్రశ్న అడగండి: మేము పోయినాక ఈ గొంతును దేనికి వాడవచ్చు, దేనికి వాడవద్దు అని. వారి జవాబు వారి నోటనే రికార్డు కావాలి. నడవలేనివారి పేర్లు ఇస్తే వారి ఇంటికే వస్తాము.