రంగు పొర

తెలుగు అయ్యవారికి ప్లాస్టిక్ పొరలతో ఏం పనండీ అని మా స్టాఫ్‌రూములో నవ్వారు. పని పడింది మరి. బంగారుపాళ్యంలో మా అన్నకు ఒక్కతే కూతురు. తిరుపతిలో ఉండి ఫిజిక్సులో పరిశోధన చేస్తోంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, తోట మీద వచ్చింది కోత కూలికే చాలనప్పుడు అన్న నాకు కబురు చేశాడు: "ఆ రంగుకాగితాల చదువు చాలించి ఏదైనా ఉద్యోగం చూసుకోమను. నీ మాటయితే వింటుంది."

చెప్పబోయే ముందు అదేమిటో తెలుసుకోవాలి గదా! పిల్లనే అడిగాను.

"పాలీవినైల్ ఆల్కహాల్ అని తెల్లటి పొడి, చిన్నాయనా. పేరు చూసి భయపడొద్దు, తాగేది కాదు," అంది. దాన్ని వేడినీళ్ళలో గంజిలా కరిగించి, మిథిలీన్ బ్లూ వంటి రంగు చిటికెడు కలిపి, గాజుపళ్ళెంలో పోసి ఆరబెడతారట. ఆరాక మామిడి తాండ్రలా ఊడివస్తుంది. ఆ పొరగుండా వెలుతురు పంపి ఏ రంగుల్ని మింగుతుందో, వేటిని వదులుతుందో కొలుస్తారు. రెండువైపులా వెండిపూత పూసి, వేడిచేస్తూ కరెంటు ఎంత పారుతుందో చూస్తారు. లోహపు తీగ వేడెక్కితే కరెంటుకు అడ్డం పెరుగుతుంది. ఈ పొరల్లో దానికి విరుద్ధం, వేడికి దారి సులువవుతుంది. రంగు ఎక్కువ వేస్తే మేలనుకోకండి. అణువులు గుంపులు కట్టి, మింగే కాంతే మారిపోతుంది.

పాలిమర్‌ను తెలుగులో బృహదణువు అన్నారు. మాట బరువే గాని, నూలుపోగు కూడా ఆ జాతిదే. ఆ లెక్కన శ్రీకాళహస్తి కలంకారీవారు కరక్కాయ నీళ్ళలో గుడ్డ తడిపి రంగు పట్టించేదీ ఈ విద్యకు చుట్టమే!

ప్రయోజనమేమిటంటారా? అమెరికాలో ఎడ్విన్ లాండ్ 1938లో ఇదే పొరను ఒక దిక్కుకు సాగదీసి అయోడిన్ పట్టించాడు. గంజిలో చుక్క వేస్తే నీలమయ్యే ఆ అయోడినే. సాగిన దిక్కున అది వరసకట్టి, ఆ దిక్కున కంపించే కాంతిని మింగి తక్కినదాన్ని వదులుతుంది. మన టీవీల్లో, లెక్కలయంత్రాల్లో బొమ్మ కనబడేది అటువంటి పొరల వల్లనే. ఎండలో మాడే కారు తెరలకు అయోడిన్ తట్టుకోలేదని, రంగు కలిపిన పొరలు వాడతారు. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ అనేవారు వేరొక పాలిమరుకు అయోడిన్ ఆవిరి పట్టిస్తే, కరెంటు పారే గుణం లక్షల రెట్లు పెరిగింది. 2000లో ఆ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ కథలతో అన్న అప్పు తీరుతుందా? పిల్ల చేసేవి కొలతలు. అటువంటి కొలతలు చాలావరకు కాగితాల మీదే ఉండిపోతాయి. ఆ సంగతి అన్న దగ్గర దాచలేదు. మానమని పిల్లకూ చెప్పలేదు.

దీపావళికి వచ్చినప్పుడు అది ఒక నీలిపొర తెచ్చింది. అన్న దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"ఎండకు వెలుస్తుందా?"

"అది తేల్చేదానికే ఇంకో ఏడాది, నాయనా."

"ఏడాదే గదా?"

వదిన మజ్జిగ తెచ్చి పెట్టింది. అన్న తాగలేదు. ఫీజు ఎప్పటిలోగా కట్టాలో అడిగి, గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్న చుట్టాడు.